అమ్మ చెంప మీద నీడ

నా ఎడమ ముంజేతి మీద మా అమ్మ ముఖం ఉంది. ఏడేళ్ల కిందట వేయించుకున్నాను. కళ్లు బాగా కుదిరాయి. ముక్కుపుడక, నుదుటి బొట్టు కూడా కుదిరాయి. చెంప దగ్గరే చెడిపోయింది. గీత గీస్తే వచ్చే చోటు కాదది. వెలుతురులోంచి మెల్లగా నీడలోకి జారాల్సిన చోటు. అప్పుడు వేసినతని దగ్గరున్నది చౌక కిట్టుతో వచ్చిన మిషన్. మొదటిసారి నీడ పట్టలేదని రెండోసారి, అప్పుడూ పట్టలేదని మూడోసారి అదే చోట తిప్పాడు. చర్మం చిట్లి, నెత్తురు చెమ్మలా పైకి వచ్చింది. పదిహేను రోజులకు దళసరిగా పక్కు కట్టి ఊడింది, దానితోపాటు రంగూ ఊడింది. చివరికి సన్నని తెల్ల మచ్చలు, వాటి నడుమ వేలికి తగిలే గట్టి గీర మిగిలాయి. మా అమ్మకు ఎన్నడూ మశూచి రాలేదు. నా చేతి మీది అమ్మకు వచ్చింది.

ఆ చెంపను బాగు చేయించుకుందామనే ఈ వేసవిలో అత్తాపూర్‌లోని ఒక టాటూ దుకాణానికి వెళ్లాను. అమ్మ కూడా వస్తానంది. "నా మొఖమే గద, నేను సూడకుంటే ఎట్ల?"

రాజేంద్రనగర్ చుట్టుపక్కల ఎవరినైనా అడ్రసు అడిగితే పిల్లర్ నంబరు చెబుతారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో లేచింది. అప్పటినుంచి దాని స్తంభాలే ఇక్కడి గుర్తులు. ఈ దుకాణం కూడా ఒక పిల్లర్‌కు ఎదురుగానే ఉంది. కింద మొబైల్ షాపు, పైన ఒకే గది. శంషాబాద్ విమానాశ్రయానికి పోయే కార్లు కిటికీ ఎత్తులో దూసుకుపోతుంటాయి. ఆ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అమ్మ పుట్టిన ఊరు దానికి కాస్త అవతల.

దుకాణం నడిపే కుర్రాడికి ముప్పై దాటి ఉంటాయి. ట్యూబ్‌లైటు కింద నా చేయి తిప్పి, మచ్చను బొటనవేలితో నొక్కి చూశాడు. "అన్నా, ముందే చెప్తున్న. ఈ గీర పోదు. చుట్టూ నీడ సక్కగ పడితే కంటికి కనపడదు. చేతికి మాత్రం తగుల్తనే ఉంటది." ఏడేళ్లలో ఈ మాట చెప్పింది ఇతనొక్కడే. మిగతావాళ్లంతా పూర్తిగా పోగొడతామన్నారు.

అతని సొరుగులో మూడు మిషన్లున్నాయి. మూడింటినీ బల్ల మీద పెట్టి ఒక్కొక్కటే ఆన్ చేసి చూపించాడు. మొదటిది కాయిల్ మిషన్. రెండు రాగి తీగ చుట్టలు, వాటి మీద ఇనప పట్టీ, దానికో స్ప్రింగు. కరెంటు పారితే చుట్టలు అయస్కాంతమై పట్టీని లాగుతాయి. లాగగానే కరెంటు తెగుతుంది, పట్టీ పైకి లేస్తుంది, మళ్లీ తగులుతుంది. పాత కాలింగ్ బెల్లు మోగేదీ ఇట్లాగే. అందుకే అది తుమ్మెదలా రొద పెడుతుంది. రెండోది అతను పని మొదలుపెట్టినప్పుడు కొన్న చౌక రోటరీ. మూడోది ఎనిమిది నెలలు డబ్బు కూడబెట్టి తెప్పించుకున్నది. లావుపాటి పెన్నులా ఉండే అల్యూమినియం గొట్టం. ఆన్ చేశాడో లేదో తెలియనంత నెమ్మదిగా నడిచింది.

రోటరీ సూత్రం కుట్టుమిషన్ తొక్కినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. లోపల చిన్న మోటారు, దాని ఇరుసుకు ఒక చక్రం, ఆ చక్రానికి నడిమధ్యన కాకుండా కాస్త పక్కకు బిగించిన పిన్ను. చక్రం తిరిగితే పిన్ను పైకీ కిందికీ ఆడుతుంది. దానితోపాటే సూదీ ఆడుతుంది. నిజానికి టాటూ మిషన్ పుట్టుకే ఇది. 1876లో ఎడిసన్ ఒక విద్యుత్ పెన్నుకు పేటెంటు తీసుకున్నాడు. కొస మీద బుల్లి మోటారు పెట్టి, సూదిని టకటకా ఆడించి, కాగితంలో రంధ్రాలు పొడిచి నకళ్లు తీయడానికి చేసిన పెన్ను అది. న్యూయార్క్‌లో పచ్చబొట్లు వేసే శామ్యూల్ ఓరైలీ ఆ పద్ధతినే చర్మం మీదికి తెచ్చి 1891 డిసెంబర్ 8న పేటెంటు పొందాడు. తర్వాత కాయిల్ మిషన్లు వచ్చి చాలాకాలం రాజ్యమేలాయి. మోటార్లు చిన్నవై, బలమైనవై, పెన్ను ఆకారంలో ఒదిగాక రోటరీ మళ్లీ ముందుకొచ్చింది.

నీడ సంగతికి వస్తే, ఏదైనా అచ్చు పత్రిక ముఖచిత్రాన్ని భూతద్దం కింద పెట్టి చూడండి. బూడిదరంగు అన్నది కనపడదు. చుక్కలే ఉంటాయి. దగ్గరగా ఉన్నచోట నలుపు, దూరమైనచోట లేత. చర్మం మీద నీడ కూడా అంతే. సిరాను డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేసి మూడు నాలుగు ఛాయలు కలుపుకుంటారు, నిజమే. కానీ ఏ ఛాయైనా చర్మంలోకి దిగేది చుక్కగానే. ఆ చుక్కల ఎడం ఒక కొస నుంచి ఇంకో కొసకు తెలియకుండా పెరుగుతూ పోవాలి. సంక్రాంతి ముగ్గు వేసే అమ్మాయి గుప్పిటలోంచి పిండి జారే తీరు చూస్తే, కళాకారుడి మణికట్టు చేసే పని తెలిసిపోతుంది.

ఇక్కడే మంచి మోటారుకు, చవక మోటారుకు తేడా వస్తుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే మోటారు సెకనుకు 100 సార్లు సూదిని దించుతుంది. చేయి సెకనుకు రెండు సెంటీమీటర్లు జరిగితే చుక్కకూ చుక్కకూ నడుమ 0.2 మిల్లీమీటర్లు. బలం లేని మోటారు గాలిలో అంతే వేగంగా తిరుగుతుంది. చర్మం తగలగానే, పైగా షేడింగు కోసం పెట్టే వెడల్పాటి సూదుల గుత్తిని మోయాల్సి రాగానే దిగజారి సెకనుకు 70కి పడిపోయిందనుకోండి, ఎడం దాదాపు 0.29 మిల్లీమీటర్లవుతుంది. చేయి మారలేదు, మనిషి మారలేదు, నీడలో మాత్రం ఖాళీలు పడ్డాయి. ఖాళీ కనపడగానే మళ్లీ అదే చోటికి వెళ్లాలనిపిస్తుంది. నా చెంప కథ ఇదే.

ఆ కుర్రాడు దీన్ని చెవితో వినిపించాడు. సాధన కోసం వాడే రబ్బరు చర్మం మీద పాత రోటరీ ఆనించాడు. అప్పటిదాకా సన్నగా ఉన్న మోత ఒక్కసారిగా గుయ్‌మని బరువెక్కింది. ఎత్తాడు, మళ్లీ సన్నబడింది. తర్వాత కొత్తది ఆనించాడు. మోత మారలేదు. "అన్నా, నేను మిషన్ కొనేటప్పుడు కళ్లు మూసుకుని ఇదొక్కటే విన్న," అన్నాడు. కొనబోయేవాళ్లకు ఇంతకంటే మంచి పరీక్ష నేను చెప్పలేను. పెట్టె మీద ఏం రాసి ఉన్నా, జర్మనీ ఫౌల్‌హాబర్ మోటారో, స్విట్జర్లాండ్ మ్యాక్సన్ మోటారో ఉందని ఎవరు చెప్పినా, ఆనించినప్పుడు గొంతు మారే మిషన్‌తో మెత్తటి నీడ రాదు.

చాలామంది స్ట్రోక్ సంగతిలో పొరబడతారు. స్ట్రోక్ అంటే సూది ఒక్కో ఆటలో పైనుంచి కిందికి కదిలే దూరం. మెత్తటి షేడింగుకు మూడు, మూడున్నర మిల్లీమీటర్లు పెట్టుకుంటారు. గట్టి గీతలకు నాలుగు, అంతకు పైన. మూడున్నర అంటే చర్మంలోకి అంత లోతు దిగుతుందని కాదు. అందులో ఎక్కువ భాగం గాలిలోనే గడుస్తుంది. సిరా నిలవాల్సిన పొర చర్మం పైభాగం నుంచి ఒకటి, రెండు మిల్లీమీటర్ల లోపలే ఉంటుంది. లోతును నిర్ణయించేది చేయి. స్ట్రోక్ నిర్ణయించేది దెబ్బ బరువును. సుత్తిని ఎంత ఎత్తు నుంచి దించితే అంత గట్టిగా పడుతుంది కదా, అలాగే పొట్టి స్ట్రోక్ తేలిగ్గా తాకుతుంది. ఒకే చోట నాలుగు పొరలుగా లేత సిరా వేసినా చర్మం తట్టుకుంటుంది.

మన చర్మానికి ఇది ఇంకా ముఖ్యం. మన మేనిఛాయనిచ్చే మెలనిన్ పైపొరలో ఉంటుంది, సిరా దాని కింద ఉంటుంది. అంటే ప్రతి పచ్చబొట్టునూ మనం ఒక గోధుమరంగు గాజు వెనక నుంచి చూస్తున్నాం. మరీ లేత బూడిద ఛాయలు ఆ గాజులో కలిసిపోతాయి. అందుకే వెలుతురు పడే చోట సిరా అసలు వేయకుండా చర్మాన్నే వదిలేయాలి, నీడ ఉన్నచోట ధైర్యంగా నల్లబరచాలి. తెల్లతోళ్ల మీద చేసిన నమూనాలు చూసి అచ్చంగా దించితే మన చేతి మీద ముఖం చప్పబడిపోతుంది. పైగా దెబ్బ తగిలిన గోధుమరంగు చర్మం మానాక నల్లబడుతుంది, కొందరికి గట్టిగా ఉబ్బుతుంది. మంచి మిషన్ దండగ అనేవాళ్లకు నా జవాబు ఇదే. దానికి పెట్టే డబ్బు, దాని కింద చేయి పెట్టినవాళ్ల చర్మానికి పెట్టినట్టు.

అమ్మ ఇదంతా కుర్చీలో కూర్చుని వింటోంది. ఆమె గడ్డం మీద మూడు చుక్కలున్నాయి, ముంజేతి మీద తులసికోట. పన్నెండేళ్లప్పుడు పొడిపించుకుంది. "మాకు గీ మిషన్లెక్కడియి బిడ్డా. మూడు సూదులు దారంతోని కట్టేది," అంది ఆ కుర్రాడితో. అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. పంటలు ఇంటికొచ్చాక ఎరుకలామె ఊళ్లోకి వచ్చేదట. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసిని చనుబాలలో కలిపేదట. ముందు పుల్లతో బొమ్మ దిద్ది, ఆ గీతల వెంట సూదుల గుత్తితో పొడుస్తూ, పిల్ల ఏడవకుండా పాట అందుకునేదట. అయ్యాక పసుపు అద్దేదట. కూలి ఒక చాటెడు జొన్నలు. "సచ్చినంక బంగారం రాదు, బట్ట రాదు, గీ పచ్చబొట్టొక్కటే ఎంబడొస్తదని మా అమ్మ గట్టిగ పట్టుకుంది నన్ను."

దక్షిణ భారత కులాలు, తెగల మీద ఎడ్గార్ థర్స్టన్ రాయగా 1909లో ఏడు సంపుటాలుగా అచ్చయిన పుస్తకంలో ఎరుకల, కొరవ స్త్రీల పచ్చబొట్ల పని నమోదై ఉంది. వాళ్లు సోదె చెబుతూ, బుట్టలు అల్లుతూ, ఊరూరా తిరుగుతూ కొన్ని తరాల ఆడవాళ్ల ఒంటి మీద తమ చేతి పని వదిలి వెళ్లారు. వాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. తెలుగు నేల మీద టాటూ కళకు గురువులు ఎవరని అడిగితే నేను ముందుగా వాళ్లకే దండం పెడతాను. మూడు సూదుల్ని దారంతో కట్టడమే నేటి సూదుల గుత్తికి మూలరూపం. ఇవాళ షేడింగుకు వాడే కర్వ్‌డ్ మ్యాగ్నమ్‌లో ఏడో, పదమూడో సన్నని సూదులు విల్లులా వంపుగా పేర్చి ఉంటాయి. అంచుల సూదులు చర్మాన్ని కోయకుండా ఆ వంపు కాపాడుతుంది. ఒక్కో సూది 0.30 మిల్లీమీటర్లో, 0.35 మిల్లీమీటర్లో ఉంటుంది.

మసి నల్లన, బొట్టు పచ్చన. ఎందుకు? కుర్రాడు అడిగాడు, అమ్మ నవ్వింది. మసి నల్లగానే ఉంటుంది, కానీ చర్మం లోపల దాని మీద పడి తిరిగొచ్చే వెలుతురులో నీలి, పచ్చ ఛాయలే ఎక్కువగా పైకి చెదురుతాయి. చేతి నరాలు నీలంగా కనిపించడానికీ ఇలాంటి కారణమే ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ సిరా లోపలికి సర్దుకుని ఆ పచ్చదనం పెరుగుతుంది. మనవాళ్లు సిరా రంగును చూసి కాకుండా, ఏళ్లు గడిచాక ఒంటి మీద నిలిచే రంగును చూసి పేరు పెట్టారు. అందుకే ఆ మాటంటే నాకు ఇష్టం.

అది నిలిచే పద్ధతి కూడా వింతైనదే. 2018లో ఫ్రాన్స్‌లోని మార్సే పరిశోధకులు ఎలుకల మీద చూపించారు. చర్మంలోని మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు సిరాను మింగి పట్టుకుంటాయి. అవి చనిపోయినప్పుడు సిరా బయటపడుతుంది, కొత్తగా వచ్చిన కణాలు మళ్లీ దాన్ని మింగుతాయి. ఆ లెక్కన అమ్మ గడ్డం మీది మూడు చుక్కలు అరవై ఏళ్లుగా చేతులు మారుతూ వస్తున్నాయి.

పని మొదలైంది. నల్ల గ్లౌజులు తొడిగి, మిషన్‌కూ తీగకూ పలచని ప్లాస్టిక్ చుట్టి, సూదులుండే కార్ట్రిడ్జ్ సీలు నా ముందే చింపాడు. ఈ కార్ట్రిడ్జ్ లోపల ఒక మెత్తటి రబ్బరు పొర ఉంటుంది. సిరా, నెత్తురు వెనక్కి మిషన్‌లోకి ఎక్కకుండా అది అడ్డుకుంటుంది. ఆ పొర లేని చౌక కార్ట్రిడ్జ్‌లు కూడా అమ్ముతున్నారు. అలాంటివి వాడితే ఒకరి నెత్తురు మిషన్‌లో మిగిలి ఇంకొకరి దాకా పోతుంది. హెపటైటిస్ బి, సి లాంటివి అలాగే అంటుకుంటాయి. కాబట్టి లక్ష రూపాయల మిషన్ ఉన్నా, సూది సీలు మీ ముందు చింపని చోట కూర్చోవద్దు. సీలు మీ కళ్లముందు చింపే చోట పాత మిషన్ ఉన్నా అభ్యంతరం లేదు. మిషన్ మార్చాలనుకునే కుర్రాళ్లకూ ఇదే వరస చెబుతాను. ముందు శుభ్రత, తర్వాత నిలకడైన కరెంటు ఇచ్చే పవర్ సప్లై, ఆ తర్వాతే మిషన్. పేరున్న విదేశీ మిషన్లు అయిదు వందల నుంచి వెయ్యి డాలర్ల దాకా పలుకుతాయి. వాటి పోలికతో వచ్చే నకిలీలు బయటికి అచ్చం అలాగే ఉంటాయి. మోటారు విన్నాకే బయటపడతాయి.

స్ట్రోక్ మూడు మిల్లీమీటర్లకు తగ్గించాడు. వోల్టేజి కూడా దించాడు. మచ్చ చర్మం సిరాను ఒకేలా తీసుకోదు, ఒకచోట తాగేస్తుంది, పక్కనే వదిలేస్తుంది. ఎడమ చేత్తో నా చర్మాన్ని సాగదీసి పట్టుకుని, కుడిచేతిని గడియారం లోలకంలా ఊపడం మొదలుపెట్టాడు. ఊపు ఆరంభంలో సూది ఆనుతుంది, చివరికొచ్చేసరికి లేచిపోతుంది. ఆనినచోట చిక్కగా, లేచేచోట పొడి చల్లినట్టు. ఏడేళ్ల కిందట ముల్లుతో గీకినట్టుండేది. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండ ఒకేచోట నిలబడినట్టు చురచురలాడింది, అంతే. గీర మీదికి మాత్రం ఒకే ఒక్కసారి పోయి వచ్చేశాడు. "మళ్ల పోవాలనిపిస్తది అన్నా. పోవద్దు," అన్నాడు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

మధ్యలో ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. కుడి ముంజేతి మీద పేరు రాయించుకోవాలట. "కేంద్ర బలగాలకు అప్లై చేస్తున్నరా తమ్మీ?" అని అడిగాడు. చేస్తున్నామన్నారు. కుడిచేయి సెల్యూట్ కొట్టే చేయి, ఆ నియామకాల్లో దాని మీద పచ్చబొట్టు ఒప్పుకోరు. ఎడమ ముంజేతి లోపలి వైపునో, చేతి వెనకనో, అదీ ఆ భాగంలో నాలుగో వంతు కన్నా చిన్నదైతేనే ఒప్పుకుంటారు. ఇదంతా చెప్పి, ఉద్యోగం సంగతి తేలాకే రమ్మని పంపేశాడు. శివరాంపల్లిలో జాతీయ పోలీసు అకాడమీ, పక్కనే పొద్దున్నే పరుగులు తీసే పిల్లలు ఉన్న చోట ఈ ప్రశ్న అడగకపోవడం తప్పని అతని నమ్మకం. పచ్చబొట్టు వేయించుకుంటే ఏడాది దాకా రక్తదానం చేయకూడదన్న సంగతి కూడా నాకు ముందే చెప్పాడు.

రెండున్నర గంటలు పట్టింది. తుడిచి, అద్దం ముందు పెట్టాడు. చెంప నిండింది. కంటి కింద వెలుతురు మొదలై దవడ దగ్గర చీకటిలో కలిసే దారిలో ఎక్కడా అడుగు తడబడలేదు. గీర ఉన్నచోటు నాకు తెలుసు కాబట్టి కనపడింది. తెలియనివాళ్లకు అది దవడ నీడ. అయిదు వారాలు ఆగి, పూర్తిగా మానాక మళ్లీ వెళ్లాం. పక్కు పలచగా వచ్చి పొట్టులా రాలిపోయింది, రంగు రాలలేదు. అమ్మ తన చెంపను వేలితో తడిమింది. "ఈడ గరుకున్నది," అంది. ఉంటుందని ముందే చెప్పాడుగా అన్నాను. తల ఊపింది.

తర్వాత కుర్రాడి వైపు తిరిగి, "బిడ్డా, నా గడ్డం మీది చుక్కలు మసకబారినయి. దిద్దుతవా?" అంది.

అతను దీపం దగ్గరికి జరిపి ఆమె గడ్డం చూశాడు. డెబ్బై దాటిన చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. కర్వ్‌డ్ మ్యాగ్నమ్ పక్కన పెట్టి మూడు సూదుల గుండ్రటి కార్ట్రిడ్జ్ సీలు చింపాడు. మిషన్‌ను నాకు పెట్టినదానికన్నా ఇంకా నెమ్మది చేశాడు. "అమ్మా, చుక్కకు రెండు సార్లు తాకిస్త, అంతే. కాని ఇప్పుడైతే నల్లగనే కనపడ్తది."

"నల్లగ ఎందుకు? నాకు పచ్చగనే ఉండాలె."

"పచ్చగనే అయితదమ్మా. టైమ్ పడ్తది."

"ఎన్నేండ్లు?"

"మెల్లగ... అయిదారేండ్లు."

"ఉంట తియ్యి," అంది అమ్మ, గడ్డం ముందుకు పెట్టి.